పర్లాకిమిడిలో అమెరికా ఎన్నికల మ్యాప్ వేయించాను: ఫ్లెక్స్ షాపు పని ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తున్నా, ఈ షాపుకి నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు తగ్గిందో కూడా రాస్తాను, కొంచెం పొడుగవుతుంది, ఎందుకంటే నేను వేయించింది పెళ్లి బ్యానరో పుట్టినరోజు ఫ్లెక్సో కాదు. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న అమెరికా ఎన్నికల మ్యాప్, పూర్తిగా తెలుగు అక్షరాల్లో. షాపు పేరు రాయడం లేదు, మంచీ చెడూ రెండూ చెప్తున్నాను కాబట్టి.

సాయంత్రం పూట మా ముందుగదిలో పోటీ పరీక్షలకి చదివే పిల్లలకి పాలిటీ చెప్తాను. ఎక్కువమంది తెలుగు పిల్లలు, నలుగురైదుగురు ఒడియా పిల్లలు, ఇద్దరు సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం నుంచి సైకిల్ మీద వస్తారు. అమెరికా ఎన్నికలు సిలబస్‌లో ఉండేది రెండు పేజీలు. కానీ మా వీధిలో రెండు ఇళ్లు తీసుకుంటే ఒకింటి నుంచి ఎవరో ఒకరు అక్కడ ఉన్నారు. మా అక్క కొడుకు నార్త్ కరోలినాలో షార్లెట్‌లో ఉంటాడు, సిటిజన్‌షిప్ వచ్చాక 2024లో మొదటిసారి ఓటేశాడు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు అని ట్రంప్ ఉత్తర్వు ఇచ్చిన రాత్రి, వాడికి సిటిజన్‌షిప్ ఉందని తెలిసి కూడా మా అక్క నిద్రపోలేదు, వాడి తమ్ముడు ఇంకా ఇక్కడే ఎదురుచూస్తున్నాడు కదా మరి. అందుకే పిల్లలు రోజూ ఒకటే అడుగుతారు, 2028లో ఎవరొస్తారు మాస్టారూ అని.

ట్రంప్ మళ్లీ పోటీ చేయడానికి, ఎవరూ రెండుసార్లకి మించి అధ్యక్షుడిగా ఎన్నిక కాకూడదనే వాళ్ల రాజ్యాంగం 22వ సవరణ ఒప్పుకోదు. ఉపాధ్యక్షుడు వాన్స్ పేరు వినిపిస్తోంది, ఆయన భార్య ఉషా చిలుకూరి పెద్దలది గోదావరి జిల్లా కాబట్టి మనవాళ్ల చర్చ అక్కడే ఆగిపోతుంది. ఇటు డెమోక్రాట్లలో న్యూసమ్, షపీరో, విట్మర్ అంటున్నారు. నాకు ఈ పేర్ల మీద పెద్ద ఆసక్తి లేదు. పేర్లు మారతాయి, చూడాల్సింది ఏ రాష్ట్రం ఎటు జరుగుతోందో. అది ఫోన్‌లో పదిమందికి ఒకేసారి చూపించలేం. అందుకు మ్యాప్.

షాపులో కంప్యూటర్ దగ్గర కూర్చునేది ఒడియా కుర్రాడు, ఓనరు మన తెలుగు అబ్బాయే, నా దగ్గర చదువుకోలేదు కానీ మాస్టారూ అనే పిలుస్తాడు. మొదటి రోజు రంగుల దగ్గరే గంట పట్టింది. రిపబ్లికన్లకి ఎరుపు, డెమోక్రాట్లకి నీలం అనగానే, "ఎర్రజెండా అంటే కమ్యూనిస్టులు కదా మాస్టారూ, వ్యాపారస్తుల పార్టీకి ఎరుపేంటి" అన్నాడు. మంచి ప్రశ్నే. అక్కడ కూడా ఈ రంగులు పాతవేం కావు. 1980లో ఒక పెద్ద టీవీ చానల్ రిపబ్లికన్ రీగన్ గెలిచిన రాష్ట్రాలకి నీలం వేసింది. 2000లో ఫ్లోరిడా లెక్కింపు వారాల తరబడి సాగింది, చివరికి 537 ఓట్ల తేడాతో తేలింది, అన్ని రోజులూ టీవీల్లో అదే మ్యాప్ చూసి చూసి జనానికి ఎరుపు, నీలం అలవాటైపోయాయి.

అప్పుడు ఆ అబ్బాయి ఇంకో ప్రశ్న అడిగాడు. "రంగులే మారాయంటున్నారు, రాష్ట్రాలు కూడా పార్టీ మారతాయా, లేక ఒకసారి ప్రింట్ చేసేస్తే సరిపోతుందా?" ఈ ఒక్క ప్రశ్న అడిగినందుకు ఆ షాపు అంటే నాకు గౌరవం పెరిగింది. వేరే షాపయితే ఫైల్ తీసుకుని మధ్యాహ్నానికి చేతిలో పెట్టేసేవాళ్లు.

మారతాయి బాబూ అని వెర్మాంట్ కథ చెప్పాను. 1936లో, మన పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన ఏడాదే, డెమోక్రాట్ రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఆయనకి లొంగనివి రెండే, మెయిన్, వెర్మాంట్. వెర్మాంట్ 1856 నుంచి 1960 దాకా ఒక్కసారి కూడా డెమోక్రాట్లకి ఇవ్వలేదు. ఇప్పుడు అదే వెర్మాంట్ వాళ్ల కంచుకోట. కాలిఫోర్నియా 1968 నుంచి 1988 దాకా వరసగా రిపబ్లికన్లకి వేసింది, 1992 నుంచి డెమోక్రాట్ల వైపు తిరిగింది. వెస్ట్ వర్జీనియా దీనికి పూర్తిగా తిరగేసినట్టు. బొగ్గు గనుల కూలీల రాష్ట్రం, 1996లో డెమోక్రాట్ క్లింటన్‌ని గెలిపించింది, 2000లో రిపబ్లికన్ బుష్ వైపు పోయింది, ఇక వెనక్కి రాలేదు, 2024లో నూటికి 70 మంది దాకా ట్రంప్‌కే వేశారు.

అంతా విని, అయితే రంగు ప్రింట్ చేయొద్దు, అడుగున తెల్ల బోర్డు మీద గీతలు మాత్రం వేసి, రాష్ట్రాలని సన్‌బోర్డ్ మీద ముక్కలుగా కోసి, ఒకవైపు ఎరుపు, ఒకవైపు నీలం అంటించి, వెనక అతుక్కునే టేప్ వేద్దాం, ఎప్పుడు మారితే అప్పుడు తిప్పేసుకోండి అన్నాడు. నాకు భలే నచ్చింది. మూడో రోజు ఫోన్ చేశాడు, మాస్టారూ ఒకసారి రండి అని. వెళ్తే బల్ల మీద టెక్సస్ ముక్క ఉంది. తిప్పితే తోక అటు పోవలసింది ఇటు వచ్చింది, గీతలో కూర్చోవడం లేదు. అద్దంలో చూసినట్టు ఆకారం తిరిగిపోతుందని ఇద్దరికీ ముందు తట్టలేదు. అంటే ఒక్కో రాష్ట్రానికి రెండు ముక్కలు విడివిడిగా కోయాలి. అన్నీ బ్లేడుతో చేత్తో కోసేవే, యాభై రాష్ట్రాలకీ అయితే ఖర్చు డబుల్. మారే అవకాశం ఉన్న రాష్ట్రాలు చెప్పండి, వాటికే రెండేసి కోస్తాను అన్నాడు.

అసలు పని అక్కడ మొదలైంది. ఆ రాత్రి కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి ఏడు తేలికే, పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడా. 2024లో ఏడూ ట్రంప్‌కే పోయాయి, దేశం మొత్తం మీద ఆయనకి 312 ఎలక్టోరల్ ఓట్లు, డెమోక్రాట్లకి 226 (రాష్ట్రానికి ఇన్నని ఉండే ఈ ఓట్లు దాదాపు అన్నిచోట్లా అక్కడ గెలిచినవాళ్లకే మొత్తం పోతాయి). వర్జీనియా రాశాను, 2008 నుంచి నీలమే అయినా దానికి ముందు నలభై ఏళ్లు ఎరుపే కదా. 2025 నవంబరులో అక్కడ స్పాన్‌బర్గర్ గవర్నరుగా గెలిచింది, మన హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ లెఫ్టినెంట్ గవర్నరు అయింది, ఆ రోజు పిల్లలకి మిఠాయి పంచాను. మిన్నెసోటా, న్యూ హాంప్‌షైర్ రాశాను. ఒబామాకి రెండుసార్లు ఇచ్చి తర్వాత మూడుసార్లూ ట్రంప్‌కే వేసిన ఒహాయో, అయోవా రాశాను. న్యూజెర్సీ రాశాను, అక్కడ డెమోక్రాట్ల ఆధిక్యం 2020లో దాదాపు 16 పాయింట్లు, 2024లో ఆరు దగ్గరికి పడిపోయింది. పద్నాలుగోది టెక్సస్. ఫ్లోరిడా రాయలేదు, దానికి మా మేనల్లుడు ఫోన్‌లో నాతో పోట్లాడాడు, ఇప్పటికీ ఒప్పుకోడు. ట్రంప్ 13 పాయింట్లతో గెలిచిన చోట, ఇంకో రెండు ఎన్నికల దాకా నాకు ఆశ లేదు. నెబ్రాస్కా, మెయిన్ ఆ ఓట్లని కాంగ్రెస్ నియోజకవర్గాలవారీగా కూడా పంచుతాయి కాబట్టి ఒమాహా ఉన్న నియోజకవర్గానికి చిన్న గుండ్రటి బిళ్ల విడిగా చేయించాను.

టెక్సస్ ఎందుకు రాశానో చెప్పాలి, అందరూ అదే అడుగుతున్నారు. పదేళ్ల నుంచి వినిపించిన మాట ఏంటంటే అక్కడ లాటినో జనాభా, అంటే మెక్సికో లాంటి లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవాళ్లు, పెరుగుతోంది, వాళ్లంతా డెమోక్రాట్లకే వేస్తారు, ఈరోజు కాకపోతే రేపు టెక్సస్ నీలం అవుతుంది అని. రియో గ్రాండే నది ఒడ్డున స్టార్ కౌంటీ అని ఒకటుంది, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, నది దాటితే మెక్సికో, ఇటు జనంలో నూటికి 97 మంది దాకా ఆ మూలాలున్నవాళ్లే. 2016లో హిల్లరీ క్లింటన్‌కి నూటికి 79 ఓట్లు వేసిన చోటు. 2024లో ట్రంప్ గెలిచాడు. 1892 తర్వాత రిపబ్లికన్ అక్కడ గెలవడం అదే మొదలు. సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్ల మీద అన్నేసి మాటలన్న మనిషికి సరిహద్దు ఊరే ఓటేసిందేంటని బయటివాళ్లు ఆశ్చర్యపోయారు. నాకు అంత ఆశ్చర్యం అనిపించలేదు. సరిహద్దు ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ణి. ఎన్నికలు రాగానే ఇక్కడ నాయకులు తెలుగు ఓట్లు ఇన్ని వేలు, అన్నీ గుత్తగా మనవే అని లెక్క కట్టేస్తారు. మా ఇంట్లో ఉన్నవి నాలుగు ఓట్లు, నాకు తెలిసి ఆ నాలుగూ ఎప్పుడూ ఒకే గుర్తుకి పడలేదు. ధరలు, పని, పిల్లల ఫీజులు, ఇవి చూసుకునే ఎవరైనా ఓటేస్తారు, స్టార్ కౌంటీలో అయినా గజపతి జిల్లాలో అయినా. అలాగని ఆ ఓట్లు రిపబ్లికన్లకి శాశ్వతంగా పోయాయని కూడా నేననను. న్యూజెర్సీలో పసాయిక్ కౌంటీ, లాటినోలు ఎక్కువ, 2024లో ట్రంప్‌కి ఇచ్చింది, ఏడాది తిరక్కుండా గవర్నరు ఎన్నికలో డెమోక్రాట్ షెరిల్‌కి ఇచ్చింది. అందుకే టెక్సస్‌కి రెండు ముక్కలు. 2028లో నీలం ముక్క వాడతానని కాదు, కానీ డబ్బాలో సిద్ధంగా ఉండాలి.

ఒకే రోజు ఒకే మనిషి రెండు పార్టీలకి వేయడం పిల్లలకి వింతగా అనిపించింది. 2024లో నార్త్ కరోలినా అధ్యక్షుడికి ట్రంప్‌ని, గవర్నరుకి డెమోక్రాట్ జోష్ స్టైన్‌ని ఎన్నుకుంది. మన ఒడిశాలో 2019లో జరిగిందీ ఇదే కదా అని గుర్తుచేశాను. అసెంబ్లీలో 147కి 112 బిజూ జనతాదళ్‌కి ఇచ్చి, అదే రోజుల్లో లోక్‌సభకి బీజేపీని 8 చోట్ల గెలిపించారు. ఐదేళ్లు తిరిగేసరికి, 2024 మే 13న మహేంద్రతనయ నది ఒడ్డున ఇటు మేమూ అటు పాతపట్నం వాళ్లూ ఒకే రోజు ఓటేశాం, ఫలితాలొచ్చాక రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు మారిపోయాయి, నవీన్ పట్నాయక్ 24 ఏళ్ల పాలన ముగిసింది. నా లెక్కలో 2019 నాటి ఆ చీలిక ఓటే ముందు వచ్చిన సూచన. నార్త్ కరోలినాలో కూడా అలాంటి చీలికే ఉంది కాబట్టి 2028లో అది డెమోక్రాట్ల వైపు తిరగొచ్చని నా నమ్మకం, మేనల్లుడు ఉన్నాడని చెప్పడం కాదు.

మళ్లీ షాపు దగ్గరికి వస్తాను. రాష్ట్రాల ఎలక్టోరల్ ఓట్ల నంబర్లు కూడా ప్రింట్ చేయించకుండా చిన్న గుండ్రటి స్టిక్కర్లుగా వేయించాను. కారణం, 2024లో డెమోక్రాట్లకి వచ్చిన 226కి పెన్సిల్వేనియా 19, మిషిగన్ 15, విస్కాన్సిన్ 10 కలపండి. సరిగ్గా 270, గెలుపుకి కావాల్సింది అంతే. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఆ లెక్క 2028లో ఇంకొక్కసారి పనికొస్తుంది. 2030 జనగణన తర్వాత సీట్లు మళ్లీ పంచుతారు, జనం దక్షిణానికి తరలిపోతున్నారు కాబట్టి కాలిఫోర్నియా, న్యూయార్క్ తగ్గి టెక్సస్, ఫ్లోరిడా పెరుగుతాయని అంచనాలు. ఆ అంచనాలు నిజమైతే 2032లో ఆ మూడు రాష్ట్రాలూ గెలిచినా 270 రాదు. జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనాల్లో కొన్నయినా గెలవకుండా డెమోక్రాట్లకి దారి ఉండదు. దక్షిణాదిలో కాలేజీ చదువున్న ఊళ్లలో వాళ్లు పెరుగుతున్నారు, చదువు తక్కువున్న కార్మికుల ఊళ్లలో పోగొట్టుకుంటున్నారు. ఒకప్పుడు రూజ్వెల్ట్ పార్టీ అంటేనే కూలీల పార్టీ. ఆ కూలీ ఇంటిని మళ్లీ సంపాదించుకోకుండా ఎవరిని నిలబెట్టినా లాభం లేదని నా గట్టి అభిప్రాయం. పిల్లలు స్టిక్కర్లు పీకి, అంచనా నంబర్లు పెట్టి, కూడి చూసుకుంటున్నారు, ఇంతకన్నా పాఠం ఏం కావాలి.

ఇక ఐదో స్టారు సంగతి. ఐదు రోజుల్లో అన్నారు, పన్నెండు రోజులు పట్టింది, మాఘమాసం పెళ్లి బ్యానర్లు మధ్యలో పడ్డాయి. అది సర్దుకోవచ్చు. ఒత్తులు మాత్రం కష్టపెట్టాయి. ఒక కంప్యూటర్లో టైపు చేసి ఇంకో కంప్యూటర్లో ప్రింట్‌కి పంపితే విస్కాన్సిన్‌లో సా కింద ఉండాల్సిన క ఒత్తు ఎక్కడో తేలింది, మసాచుసెట్స్ చివర ట్స్ విడిపోయింది. ఆ కుర్రాడికి తెలుగు చదవడం రాదు, అది అతని తప్పు కాదు, ఓనరు ఒకసారి చూసి పంపాల్సింది. చెప్పగానే మారు మాట లేకుండా రెండూ మళ్లీ వేశారు, డబ్బు అడగలేదు. మిషిగన్ రెండు తునకల్లో పైది ఇంకా ఒక వెంట్రుకవాసి పెద్దగా ఉంది, విస్కాన్సిన్ మీదికి ఎక్కుతుంది, గీకి ఇస్తానన్నాడు. రోడ్ ఐలాండ్, డెలావేర్ లాంటివి కోయడానికి వీలుకాక పక్కన చతురస్రాలుగా పెట్టాడు, అది నాకు నచ్చింది, వెనక బెంచీ వాళ్లకి కూడా కనిపిస్తున్నాయి.

మొత్తం 3,900 అయింది, బోర్డుకి 2,400, ముక్కల కోతకి, టేపుకి కలిపి 1,500. బేరం చేయలేదు. ఎవరైనా ఇలాంటిది వేయించుకుంటే పెళ్లిళ్ల సీజన్‌లో ఇవ్వకండి, ప్రింట్‌కి పంపే ముందు అక్షరాలు స్క్రీన్ మీద పెద్దవి చేయించి ఒక్కో పేరూ పక్కన కూర్చుని చదవండి. టేపు మెత్తది కాకుండా గట్టిది అడగండి, మెత్తదయితే టెక్సస్ లాంటి పెద్ద ముక్కలు ఫ్యాన్ గాలికి ఊడిపోతున్నాయి. ఫ్లోరిడాకి నీలం ముక్క కోయడానికి 80 రూపాయలు అడిగాడు. 2026 నవంబరు 3 మధ్యంతర ఎన్నికల్లో అక్కడ గవర్నరు పోటీ ఎలా తేలుతుందో చూసి అప్పుడు ఆర్డర్ ఇస్తానని మేనల్లుడికి చెప్పాను.