ప్రపంచ ప్రదర్శనకు నగరాలు పోటీ పడాలా? ఒసాకా, సుయిటా, దుబాయ్ చూశాక నా అభిప్రాయం

ఒసాకాలో 2025 ఏప్రిల్ 13 నుంచి అక్టోబరు 13 వరకు జరిగిన వరల్డ్ ఎక్స్‌పోను (ప్రపంచ ప్రదర్శనను) చూడటానికి సెప్టెంబరులో మేము ముగ్గురం, అంటే నేను, నా భార్య, డెబ్బై ఏళ్లు దాటిన మా అమ్మ, దుబాయ్ మీదుగా వెళ్లాము. ఒక్క ప్రదర్శనను చూసి తిరిగి రావడం కాకుండా, ప్రదర్శన ముగిసిన తర్వాత ఆ నేల ఏమవుతుందో కూడా తెలుసుకోవాలన్న కోరికతో, 1970లో ఆసియాలోనే తొలి ప్రపంచ ప్రదర్శన జరిగిన, ఒసాకా పక్కనున్న సుయిటా, 2021-22లో ప్రదర్శన జరిగిన దుబాయ్ ప్రాంగణం కూడా కలిసి వచ్చేలా ప్రయాణం వేసుకున్నాము. మన దేశం ఇప్పటివరకు ఈ ప్రదర్శనకు ఒక్కసారి కూడా ఆతిథ్యం ఇవ్వలేదు. మనమూ ఒకటి పెట్టాలన్న మాట అప్పుడప్పుడు వినిపిస్తూ ఉంటుంది కనుక, యాత్రికుల సౌకర్యాలతో పాటు ఆ ప్రశ్నను కూడా వెంటబెట్టుకునే తిరిగాను.

ముందుగా బస సంగతి. ఒసాకాలో చాలామంది నంబాలోనో ఉమెదాలోనో దిగుతారు. మేము బెంతెన్‌చోలో ఒక చిన్న బిజినెస్ హోటల్‌ను ఎంచుకున్నాము. కాన్సాయ్ విమానాశ్రయం నుంచి వచ్చే ర్యాపిడ్ రైలు అక్కడే ఆగుతుంది, ప్రదర్శన జరిగిన యుమెషిమా దీవికి వెళ్లే చూవో మెట్రో లైన్ కూడా అక్కడే దొరుకుతుంది, మధ్యలో మూడే స్టేషన్లు. గదులు బాగా ఇరుకు, రెండు పెద్ద సూట్‌కేసులు ఒకేసారి తెరిచే చోటు ఉండదు. అయినా శుభ్రతకు, కింది అంతస్తులోని నాణేల వాషింగ్ మెషీన్లకు వంక పెట్టలేము. ప్రదర్శన చివరి వారాలు కావడంతో శని, ఆదివారాల్లో అద్దె మామూలు రోజుల కన్నా బాగా పెరిగింది. వయసు మళ్లినవారు వెంట ఉన్నప్పుడు ఊరి నడిబొడ్డున ఉండాలన్న ఆశ కన్నా రైలు మారే పని తప్పించుకోవడమే మేలు.

ప్రదర్శనకు ఒక్క రోజు ప్రవేశ రుసుము అప్పట్లో పెద్దలకు 7,500 యెన్‌లు, మన లెక్కలో నాలుగు వేల రూపాయల పైమాట. టికెట్ కొన్నంత మాత్రాన సరిపోలేదు; ఏ రోజు, ఏ గేటు గుండా, ఏ సమయానికి వస్తామో ముందే నమోదు చేసుకోవలసి వచ్చింది. పెవిలియన్లకు, అంటే ఒక్కో దేశం కట్టుకున్న ప్రదర్శనశాలల వంటి వాటికి, రెండు నెలల ముందు ఒక లాటరీ, ఏడు రోజుల ముందు మరో లాటరీ, మూడు రోజుల ముందు ఖాళీలుంటే ముందు వచ్చినవారికి, లోపలికి వెళ్లాక అదే రోజు ఇంకొకటి, ఇలా నాలుగంచెల పద్ధతి పెట్టారు. ఫోన్ వాడటం చేతకాని పెద్దవారు ఒంటరిగా వెళ్లి ఉంటే తెల్లబోవలసిందే. ప్రాంగణంలో నోట్లు, నాణేలు చెల్లలేదు, అంతా కార్డుల మీదే. మాకు లాటరీల్లో దక్కింది తక్కువ. ఇటలీ పెవిలియన్ ముందు గంటల తరబడి నిలబడే ఓపిక అమ్మకు లేదు కనుక వదులుకున్నాము. అపోలో యాత్రలో తెచ్చిన చంద్రశిలను అమెరికా పెవిలియన్లో చూశాము. 1970 ప్రదర్శనలోనూ చంద్రశిల కోసం జనం బారులు తీరారు. పెవిలియన్ కట్టుకునే స్తోమత లేని దేశాలకు ఉమ్మడిగా కేటాయించిన కామన్స్ హాళ్లలో తోపులాట లేదు, అక్కడి సిబ్బంది తమ ఊరి గురించి తీరిగ్గా చెప్పారు. నన్నడిగితే ప్రదర్శన అసలు ఉద్దేశం అక్కడే నెరవేరింది.

సేవల విషయంలో జపాన్ వారికి మంచి మార్కులే వేస్తాను. తాగునీటి కుళాయిలు చాలాచోట్ల ఉన్నాయి, మరుగుదొడ్లు రోజంతా శుభ్రంగా ఉన్నాయి, చక్రాల కుర్చీ అద్దెకు దొరికింది. శాకాహారం మాత్రం వెతికి పట్టుకోవలసి వచ్చింది, పైగా ధరలు ఎక్కువ. మేము పులిహోర, పెరుగన్నం హోటల్ గదిలోనే కలుపుకొని తీసుకెళ్లాము. రవాణాలో ఉన్న లోటు మేము వెళ్లకముందే, ఆగస్టు 13 రాత్రి, బయటపడింది. ఆ దీవికి ఉన్న ఏకైక మెట్రో లైన్ విద్యుత్ లోపంతో ఆగిపోగా, సుమారు 30 వేల మంది తెల్లవారే దాకా అక్కడే చిక్కుకుపోయారు. రోజుకు లక్షన్నర, రెండు లక్షల మందిని ఒక దీవిలోకి పిలిచేటప్పుడు ఒక్క రైలు దారి, కొన్ని బస్సులు చాలవని ముందుగానే ఆలోచించవలసింది.

ఇక ప్రాంగణంలో గుండ్రంగా కట్టిన, అందరూ చెప్పుకున్న ఆ మహావలయం. వాస్తుశిల్పి సో ఫుజిమొతో రూపకల్పన చేసిన ఈ చెక్క కట్టడం చుట్టుకొలత సుమారు 2 కిలోమీటర్లు, వెలుపలి అంచు ఎత్తు 20 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పెద్ద చెక్క నిర్మాణంగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. కింద నడుస్తుంటే ఎండ తగలలేదు, సముద్రపు గాలి దూలాల మధ్య నుంచి దూసుకు వచ్చింది. ఒక స్తంభం దగ్గర ఆగి అతుకును పరీక్షగా చూశాను. నిలువు స్తంభానికి బెజ్జం తొలిచి, అందులోంచి అడ్డదూలాన్ని దూర్చి బిగించారు. క్యోటోలోని కియొమిజు ఆలయం వేదికను నిలబెట్టినది కూడా ఈ పద్ధతే. ఇక్కడ భూకంపాలకు తట్టుకోవాలని లోపల లోహపు బిగింపులు కూడా చేర్చారు. పైకి మాత్రం సుగి, హినోకి అనే జపాన్ చెట్ల చెక్కల లేత రంగు, ఆ గీతల అందమే కనిపించింది. అమ్మ ఆ చెక్క మీద అరచెయ్యి ఆనించి, “ఇంత కలపతో కట్టారు కదరా, రేపు దీన్నంతా ఏం చేస్తారట?” అని అడిగింది.

ఈ ప్రశ్నకు సూటిగా జవాబు ప్రదర్శన మొదలైననాటికి కూడా ఎవరి దగ్గరా లేదు. ఒక్క వలయానికే 3,440 కోట్ల యెన్‌లు ఖర్చయ్యాయి. దాన్ని పూర్తిగా విప్పేయాలా, కొంత ఉంచాలా అన్న చర్చ నెలల తరబడి సాగింది. చివరికి ఈశాన్య దిక్కున 200 మీటర్ల ముక్కను పార్కుగా నిలపాలని ప్రదర్శన ముగింపు దశలో నిర్ణయించారు. మిగతా కలపలో కొంత భూకంపం దెబ్బ తిన్న నోతో ప్రాంతంలో ఇళ్లకు ఇస్తామన్నారు, అది మంచి మాట. తక్కిన పెవిలియన్లన్నీ పెళ్లయిన మర్నాడు పందిరి విప్పినట్టు విప్పేయడమే నియమం.

యుమెషిమా చరిత్ర తెలిస్తే ఈ తడబాటు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. ఇది 1970ల చివర నుంచి పూడికమట్టితో, వ్యర్థాలతో పూడ్చుకుంటూ వచ్చిన కృత్రిమ దీవి. 2008 ఒలింపిక్స్‌కు ఒసాకా పోటీ పడినప్పుడు క్రీడాకారుల నివాసాలు ఇక్కడే కట్టాలనుకున్నారు; ఆ క్రీడలు బీజింగ్‌కు వెళ్లిపోవడంతో దీవి ఏ ఉపయోగమూ లేకుండా నగరానికి భారంగా మిగిలింది. మెట్రోలో ఒక స్టేషన్ ముందు దిగితే, అదే తీరంలో 256 మీటర్ల ఆకాశహర్మ్యం కనిపిస్తుంది. వాణిజ్య కేంద్రంగా కట్టి, అద్దెకు వచ్చేవారు లేక దివాలా తీసిన ఆ భవనాన్ని ఒసాకా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) కొని కార్యాలయంగా వాడుకుంటోంది. అంటే సముద్రతీరంలో పెట్టుబడులు మునిగిన నగరం, ఆ నేలకు ఒక ప్రయోజనం వెతుక్కుంటూ ప్రదర్శనను తెచ్చుకుంది. ప్రదర్శన పేరు చెప్పి మెట్రో వేశారు. 2030 నాటికి అదే దీవిలో కాసినోతో కూడిన భారీ రిసార్ట్ రాబోతోంది. నేల అడుగున మీథేన్ ఉన్న కారణంగా 2024 మార్చిలో నిర్మాణ స్థలంలో పేలుడు కూడా జరిగింది. తొలుత 12,500 కోట్ల యెన్‌లనుకున్న ప్రాంగణ నిర్మాణ వ్యయం 18,500 కోట్లకు, ఆ తర్వాత 23,500 కోట్లకు చేరింది. ఇందులో మూడో వంతు కేంద్రానిది, మూడో వంతు ఒసాకా ప్రిఫెక్చర్, నగరాలది, మిగిలినది వ్యాపార వర్గాలది.

చివర్లో టికెట్లు, ప్రదర్శన మస్కట్ అయిన మ్యాకు మ్యాకు బొమ్మలు బాగా అమ్ముడై నిర్వహణ ఖాతాలో 2,300 కోట్ల యెన్‌లకు పైగా మిగిలిందని నిర్వాహకులు ప్రకటించారు. రెండున్నర కోట్ల మందికి పైగా సందర్శకులు వచ్చారు. ఇవి చిన్న విజయాలు కావు, ఆ జనంలో నేనూ ఉన్నాను కనుక వారి ఆనందం నేను చూశాను. కానీ ఆ మిగులు రోజువారీ నిర్వహణకు సంబంధించినదే తప్ప, ప్రాంగణం కట్టిన ఖర్చు అందులో కలవదు. నగరం లాభపడిందా అన్నది తేల్చేటప్పుడు ఈ రెండు ఖాతాలను వేరువేరుగా చూడాలి.

ప్రదర్శన చూసిన మర్నాడు మోనోరైల్‌లో సుయిటా వెళ్లాము. స్టేషన్ దిగగానే చెట్ల మీదుగా కళాకారుడు తారో ఒకమొతో సృష్టించిన 70 మీటర్ల సూర్యస్తంభం కనిపిస్తుంది. శిఖరాన ఉన్న బంగారు ముఖం భవిష్యత్తుకు, పొట్ట మీది ముఖం వర్తమానానికి, వీపున ఉన్న నల్ల సూర్యుడు గతానికి గుర్తులట. 1970 మార్చి 15 నుంచి సెప్టెంబరు 13 వరకు ఇక్కడికి 6.42 కోట్ల మంది వచ్చారు. ప్రదర్శన అయిపోగానే అన్నీ కూల్చారు, ఈ స్తంభాన్ని కూడా కూల్చాలనే అనుకున్నారు. కాపాడాలన్న విన్నపాలు రావడంతో 1975లో ఉంచేయాలని నిర్ణయించారు. 2018లో లోపలి భాగాన్ని మళ్లీ తెరిచారు. దానికి ముందుగా బుక్ చేసుకోవాలి, మెట్లు చాలా ఉంటాయి. మేమిద్దరం లోపలికి వెళితే అమ్మ పచ్చికలో కూర్చుంది. చుట్టూ పిల్లలను ఆడిస్తున్న తల్లులు, టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్న వృద్ధ దంపతులు, చిత్రాలు గీస్తున్న బడిపిల్లలు. పార్కులోకి వెళ్లడానికి కట్టినది కొద్దిపాటి రుసుమే. 1977లో ఇక్కడే తెరిచిన జాతీయ మానవజాతి శాస్త్ర సంగ్రహాలయం ఒక్కదానికే పూట పడుతుంది. దక్షిణాసియా విభాగం దగ్గర అమ్మను కదిలించడం మా వల్ల కాలేదు.

1970 ప్రదర్శనకు ముందు ఈ చోటు వెదురు తోపుల కొండ. పక్కనే సెన్రీ కొత్త పట్టణం అప్పటికే లేస్తోంది, దానికి రైలు ఎలాగూ కావాలి. ప్రదర్శన వచ్చినా రాకపోయినా జనం ఉండబోయే చోటుకు ప్రదర్శన వెళ్లింది కనుకనే, ఆ రైలు నేటికీ నిండుగా నడుస్తోంది. అప్పటి మిగులుతో ఏర్పడిన నిధి నుంచి ఇప్పటికీ సాంస్కృతిక కార్యక్రమాలకు సాయం అందుతోంది. యుమెషిమాకూ సుయిటాకూ ఉన్న తేడా, నా దృష్టిలో, ఇదే.

దుబాయ్‌ది వేరే దారి. 438 హెక్టార్ల ఎడారిలో 2.4 కోట్ల సందర్శనలు నమోదైన ఆ ప్రాంగణం ఇప్పుడు ఎక్స్‌పో సిటీ. 15 కిలోమీటర్ల మెట్రో పొడిగింపు వేశారు, 2023లో వాతావరణ సదస్సు ఇక్కడే జరిగింది, పక్కనున్న అల్ మక్తూమ్ విమానాశ్రయాన్ని భారీగా విస్తరిస్తున్నారు. సాయంత్రం వేళ అల్ వస్ల్ గుమ్మటం మీద పరుచుకునే వెలుగులు చూడదగ్గవి. మేము వెళ్లినది వారం మధ్య కావడంతో విశాలమైన దారుల్లో మనుషులు పలుచగా ఉన్నారు. ఎండలో పెద్దవారిని నడిపించడం కష్టం, నీరెండ పడ్డాకే వెళ్లాలి. నగరం నడుమ నుంచి మెట్రోలో గంట దాకా పడుతుంది. బసకు ఎక్స్‌పో సిటీ కన్నా నగరంలోని కరామా ప్రాంతం నయం, అక్కడ తెలుగు భోజనం దొరుకుతుంది. నేల, డబ్బు, నిర్ణయాధికారం మూడూ ఒకే చేతిలో ఉన్న చోట ఇటువంటి ప్రణాళిక నడుస్తుంది. పన్ను కట్టేవారికి జవాబు చెప్పవలసిన నగరాలు దీన్ని నమూనాగా తీసుకోవడం ప్రమాదం.

పోటీకి దిగాలంటే ఒక దేశ ప్రభుత్వం పూనుకోవాలి, పారిస్‌లోని అంతర్జాతీయ ప్రదర్శనల సంస్థలో సభ్య దేశాల ఓట్లు సంపాదించాలి. 2030 ప్రదర్శన కోసం 2023 నవంబరులో జరిగిన ఓటింగులో రియాద్‌కు 119, బుసాన్‌కు 29, రోమ్‌కు 17 ఓట్లు వచ్చాయి. ఎంతో శ్రమపడిన బుసాన్ ఓడిపోయినందుకు కొరియా అధ్యక్షుడే ప్రజలకు క్షమాపణ చెప్పవలసి వచ్చింది. ఫ్రాన్స్ మరో మార్గం తొక్కింది: 2025 కోసం ఒసాకాతో పాటు బరిలో ఉండి, ఆర్థికంగా భరోసా లేదన్న కారణంతో 2018 జనవరిలో తప్పుకుంది. నేను దాన్ని పిరికితనం అనను. 2000లో జర్మనీలోని హానోవర్ 4 కోట్ల మంది వస్తారనుకుంటే 1.8 కోట్ల మందే వచ్చారు, ఆ నష్టం చిన్నది కాదు.

నగరం ముందుగా ఒక పని చేయాలని నా నమ్మకం: ప్రదర్శన మాట ఎత్తకుండా, ఆ నేలలో ఏం రావాలో, దానికి ఏ రైలు కావాలో, ఎవరి డబ్బుతో కట్టాలో తేల్చుకోవాలి. ప్రదర్శన లేకపోయినా ఆ పనులు చేసి తీరుతామని చెప్పగలిగితే, అప్పుడు పోటీ పడాలి. గడువు ఉంటుంది కనుక పనులు త్వరగా అవుతాయి. పనికిరాని నేలకు గిరాకీ తెచ్చిపెట్టడానికి మాత్రం వద్దు. మన హైదరాబాద్ నాంపల్లిలో 1938 నుంచి వస్తున్న నుమాయిష్ స్థాయి వేరే అయినా, ఏటా అదే మైదానంలో జరిగి, ఆదాయంతో సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం వంటి విద్యాసంస్థలను నడుపుతోంది. అలవాటైన నేల, తెలిసిన ఖర్చు, ముందే నిర్ణయమైన లబ్ధిదారులు, ఈ మూడింటి విలువ నాకు జపాన్‌లో బాగా అర్థమైంది.

ఇకపై వెళ్లేవారికి: యోకోహామాలో 2027 మార్చి నుంచి సెప్టెంబరు వరకు ఉద్యాన ప్రదర్శన జరుగుతుంది, అమెరికా సైన్యం తిరిగి అప్పగించిన కామిసెయా నేల మీద. సెర్బియాలోని బెల్‌గ్రేడ్‌లో 2027 మే 15 నుంచి ఆగస్టు 15 వరకు మూడు నెలల ప్రత్యేక ప్రదర్శన ఉంది. ఒసాకా వెళితే యుమెషిమా కోసం పూట కేటాయించనక్కరలేదు. సుయిటాకు నిండు రోజు పెట్టుకోండి, పార్కుకు బుధవారం సెలవన్నది చూసుకుని, సూర్యస్తంభం లోపలికి టికెట్లు ఇంటి దగ్గరే తీసుకుని బయలుదేరండి.