పాత అంబాసడర్ రీల్, సీసం కడ్డీ, కార్కీ: పదేళ్లు దాటిన వాడకం

స్టీల్‌హెడ్ (సముద్రానికి వెళ్లి నదికి తిరిగొచ్చే ట్రౌట్ చేప) కోసం కౌలిట్జ్ నది ఒడ్డుకు వచ్చేవాళ్లలో ఇప్పుడు చాలామంది బెండు కట్టి వదులుతున్నారు. నేను ఇంకా పాత పద్ధతిలోనే, అడుగున సీసం దొర్లిస్తూ పడతాను. ఈ నది ఉన్న వాషింగ్టన్ రాష్ట్రానికి వచ్చిన కొత్తలో పక్కింటి పెద్దాయన నేర్పిన విద్య ఇది. స్వీడన్‌లో తయారైన ఈ ఎర్ర అంబాసడర్ 5000 రీల్ కూడా ఆయన దగ్గర కొన్నదే.

స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కొలికి) దగ్గర చిన్న రబ్బరు గొట్టం ముక్క కట్టి, అందులో పెన్సిల్ సీసం, అంటే సన్నటి సీసం కడ్డీ దూరుస్తాను. అక్కణ్నుంచి రెండడుగుల లీడర్ (కొక్కేనికి కట్టే చివరి దారం ముక్క), చివర ముల్లు లేని కొక్కెం. దాని పైన కార్కీ, అంటే నీళ్లలో తేలే రంగు పూస. ముడిలో నారింజ రంగు ఊలు పోగు ఇరికిస్తాను. అది చేప పళ్లకు చిక్కుకుంటుంది కాబట్టి ఎరను చటుక్కున ఉమ్మేయలేదు. సీసం బరువెక్కువైతే రాళ్లలో ఇరుక్కుంటుంది, తక్కువైతే అడుగు తగలదు. అందుకే నీటి వేగం మారినచోటల్లా కాస్త కత్తిరించడమో, కొత్త ముక్క పెట్టడమో తప్పదు.

కొంచెం ఎగువకు విసిరి లైన్ బిగువుగా పట్టుకుంటే, సీసం రాళ్లకు టక్ టక్‌మని తగులుతూ దిగువకు పోతుంది. ఎక్కడ గులకరాళ్లున్నాయో, ఎక్కడ బండ ఉందో చేతికి తెలిసిపోతుంది. స్టీల్‌హెడ్ చాలాసార్లు గట్టిగా లాగదు. ఎర నోట్లో పెట్టుకుని ఆగుతుంది, అంతే. ఆ టకటక ఆగిన క్షణమే రాడ్ ఎత్తాలి. రాయేదో చేపేదో వేళ్లు పసిగట్టడానికి కొన్ని చలికాలాలు పడుతుంది. బెండుతో ఈ ఆనందం నాకెప్పుడూ దొరకలేదు.

విసిరేటప్పుడు స్పూల్ (దారం చుట్టుకుని గిర్రున తిరిగే చక్రం) మీద బొటనవేలు ఉండాల్సిందే. ఎదురుగాలిలో తేలిక సీసం విసిరితే దారం చిక్కుపడటం ఈ రకం రీళ్లన్నిటికీ ఉన్న బెడదే. విసిరేటప్పుడు స్పూల్ తిరగని స్పిన్నింగ్ రీల్‌కి అలవాటుపడ్డవాళ్లకు మొదట్లో టెన్షన్‌గానే ఉంటుంది. శుభ్రం చేయడం మాత్రం సులువు: చేత్తోనే మరలు విప్పి, ఇసుక తుడిచి, చుక్క నూనె వేస్తే చాలు.

నాకు నచ్చనిది ఒక్కటే, సీసం నది అడుగున పోగొట్టుకోవడం. నెమ్మదిగా కదిలే లోతు మడుగుల్లో బెండే మేలు.

ఇదే రాష్ట్రంలోని సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ ప్రాంతపు స్టీల్‌హెడ్ 2007 నుంచి ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. అందుకే హ్యాచరీ (పిల్లల్ని పెంచి నదిలో వదిలే కేంద్రం) చేపలు వచ్చే కౌలిట్జ్‌కే ఎక్కువగా వెళ్తాను. తోక దగ్గర వీపు మీది చిన్న రెక్క కత్తిరించి ఉంటే అది హ్యాచరీ చేప. ఆ రెక్క ఉన్నదాన్ని నీళ్లలోంచి పైకెత్తకుండానే వదిలేయాలి.

పాత రీల్ కొనేవాళ్లు హ్యాండిల్ తిప్పి, దారాన్ని పరిచే గైడ్ రెండు చివరలకూ ఆగకుండా వెళ్తోందో లేదో చూసుకోండి. ముందుగా అరిగేవి అక్కడి భాగాలే.