లింకు పీఎన్ఆర్‌తో ఆరేళ్ల ప్రయాణాలు: డబ్బు వెనక్కొస్తుంది, బెర్తు రాదు

ఉద్యోగం భోపాల్‌లో, ఇల్లు భీమవరం పక్క పల్లెలో. నాకు సెలవు దొరికే రోజులకూ నేరుగా వెళ్లే బండికీ ఎప్పుడూ కుదరదు. అందుకని బెజవాడ దాకా ఒక బండి, అక్కడి నుంచి గుడివాడ, కైకలూరు మీదుగా ఇంకో బండి. ఏడాదికి మూడు నాలుగు సార్లు ఇదే తంతు. మధ్యలో ఎంత గడువు పెట్టుకోవాలన్నది మా ఇంట్లో ప్రతిసారీ పంచాయతీయే. 2019 ఏప్రిల్ 1 నుంచి రెండు టికెట్ల పీఎన్ఆర్‌లను, అంటే టికెట్ మీద ఉండే బుకింగ్ నంబర్లను, జత (లింకు) చేసుకునే వీలు వచ్చింది. అప్పట్నుంచీ వాడుతున్నాను కాబట్టి అది ఎక్కడ ఆదుకుంటుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చెప్పగలను.

సంగతి చిన్నదే. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండో టికెట్ డబ్బులు క్యాన్సిలేషన్ కోత లేకుండా తిరిగిస్తారు. లింకు చేయకపోతే ఆ రెండు టికెట్లూ ఎవరికి వారే. బండి వెళ్లిపోయాక మొదటిది లేటొచ్చిందని ఎంత మొత్తుకున్నా లాభం లేదు. కౌంటర్ టికెట్‌కైనా, ఆన్‌లైన్ టికెట్‌కైనా ఈ సదుపాయం ఉంది. మొదటి బండి నిజంగా స్టేషన్‌కి చేరిన మూడు గంటల్లోపు కౌంటర్ టికెట్ అయితే అప్పగించాలి, ఈ-టికెట్ అయితే టీడీఆర్, అంటే డబ్బు వెనక్కి ఇమ్మని ఆన్‌లైన్‌లో పెట్టే అర్జీ, వేయాలి. ఆ మూడు గంటలూ గుర్తుపెట్టుకోండి. ముందు భోంచేసి, ఇంటికి ఫోన్లు చేసి, తర్వాత చూద్దాంలే అనుకుంటే ఇట్టే అయిపోతాయి.

ఇంకో మెలిక ఉంది. ప్రయాణికుల వివరాలు రెండు టికెట్లలోనూ ఒకేలా ఉండాలి. మనకి ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొట్టి అక్షరంతో సరిపెట్టడం అలవాటు కదా. మొదటిసారి నా టికెట్లో పేరు పూర్తిగా ఉంది, తమ్ముడు తీసిన రెండోదాంట్లో ఇంటిపేరుకి ఒక్క అక్షరమే ఉంది. అప్పట్నుంచీ రెండు టికెట్లూ నేనే, ఒకే ఖాతాలో దాచుకున్న పేర్లతోనే తీస్తున్నాను.

అసలు విషయానికొస్తాను. గడువు ఎంత అని అడిగితే అందరూ రెండు గంటలు, మూడు గంటలు అని ఒకటే లెక్క చెబుతారు. నా అనుభవంలో వెళ్లేటప్పటి లెక్క వేరు, వచ్చేటప్పటి లెక్క వేరు.

ఊరెళ్లేటప్పుడు మొదటి బండి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు, రెండోది నూరు కిలోమీటర్ల చిల్లర. ఢిల్లీ వైపు నుంచి వచ్చే బండైతే డిసెంబరు, జనవరిల్లో పొగమంచుకు భోపాల్ చేరేసరికే ఆలస్యమై ఉంటుంది. అయినా నేను యాభై నిమిషాల గడువుతోనే వెళ్తాను. చిన్న బండి తప్పిపోతే బెజవాడలో బస్సు ఉంది. పోయేది రెండు గంటల కాలం, కాస్త నడుం నొప్పి. అలా రెండుసార్లు తప్పిపోయింది. లింకు పుణ్యమా అని డబ్బులు వచ్చాయి కానీ, ఆ కాస్త చార్జీ కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడి టీడీఆర్ నింపుతుంటే నాకే నవ్వొచ్చింది.

తిరుగు ప్రయాణంలో అంతా తలకిందులు. చిన్న బండి ముందు, పెద్ద బండి తర్వాత. రెండేళ్ల కిందట నవంబరులో గంటా పది నిమిషాలు గడువు పెట్టుకుని బయల్దేరాను. పొద్దున్నుంచీ కుండపోత. బండి కైకలూరు నుంచే నత్తనడక. రామవరప్పాడు దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఫోన్లో చూస్తే నా పెద్ద బండి అప్పటికే బెజవాడలో ప్లాట్‌ఫాం మీద ఉంది. మధ్యలో ఉన్నది నాలుగైదు కిలోమీటర్లు! దిగి ఆటో పట్టుకుందామా అంటే ఆ వానలో, ఆ ట్రాఫిక్‌లో ఏ ఆటో వెళ్తుంది? నేను మెట్లెక్కి దిగి ఆ ప్లాట్‌ఫాం చేరేసరికి బండి వెళ్లి తొమ్మిది నిమిషాలైంది.

అక్కడే కూర్చుని టీడీఆర్ వేశాను. థర్డ్ ఏసీ డబ్బులు తర్వాత ఖాతాలో పడ్డాయి, పైసా కోత లేకుండా. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ రాత్రి భోపాల్ ఎలా వెళ్లాలి? ఏసీ తత్కాల్ ముందురోజు ఉదయం పదింటికే తెరుచుకుంటుంది, అందులో ఆ రాత్రి బళ్లకి ఎప్పుడో అయిపోయింది. చార్టు వేశాక మిగిలిన బెర్తులిచ్చే కరెంట్ బుకింగ్‌లో ఏమీ లేదు. చివరికి జనరల్ పెట్టెలో వరంగల్ దాకా ఒంటికాలి మీద నిలబడి, అక్కడ ఎవరో దిగితే తలుపు పక్కన బ్యాగ్ మీద కూలబడ్డాను. లింకు పీఎన్ఆర్ డబ్బు తిరిగిస్తుంది, తర్వాతి బండిలో చోటు చూపించదు. అందుకని ఇప్పుడు గడువు లెక్కేసే ముందు, రెండో బండి తప్పితే తర్వాత ఏముందో చూస్తాను. బస్సుంటే యాభై నిమిషాలు, ఏమీ లేకపోతే నాలుగు గంటలు.

లేటు బండిలో ఉన్నవాళ్లకి ఒక ఊరట. టైంటేబుల్లో పెద్ద స్టేషన్ల ముందు చివరి ముక్కకి సమయం ఉదారంగా ఇస్తారు. ఖమ్మంలో నలభై నిమిషాలు లేటున్న బండి బెజవాడలో పావుగంట లేటుతో దిగబెట్టడం నేను చాలాసార్లు చూశాను. ప్లాట్‌ఫాం ఖాళీ లేక స్టేషన్ బయట అవుటర్‌లో ఆపేస్తే మాత్రం ఆ ఉదారమంతా అక్కడే హరీ. ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచి ఆ బండి రోజూ ఎన్నింటికి చేరుతోందో ఎన్టీఈఎస్‌లో (బండి ఎక్కడుందో చూపించే రైల్వే యాప్) చూసి ఒక కాగితం మీద రాసుకుంటాను. మా ఆవిడ దాన్ని జాతకచక్రం అంటుంది.

రెండో టికెట్ వెయిటింగ్‌లో ఉంటే వికల్ప్, అంటే వేరే బండిలో చోటిచ్చినా సరే అనే ఎంపిక, పెట్టొద్దు. వేరే బండిలో చోటిచ్చేటప్పుడు ఎక్కే స్టేషన్‌ని పక్క స్టేషన్‌కి మార్చే అవకాశం ఉంది, వేళ ఎలాగూ మారుతుంది. మీరు వేసుకున్న గడువు లెక్క గంగలో కలుస్తుంది. స్టేషన్ పేరు కూడా ఒకటికి రెండుసార్లు చూసుకోండి. హౌరా లైన్లో కొన్ని బళ్లు విశాఖ స్టేషన్లోకి రావు, దువ్వాడలో ఆగి అటే పోతాయి. చెన్నైలో సెంట్రల్ వేరు, ఎగ్మూర్ వేరు. హైదరాబాద్‌కైతే సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ చాలవన్నట్టు 2025 జనవరి నుంచి చర్లపల్లి కొత్త టెర్మినల్ కూడా తోడైంది.

అర్ధరాత్రి బండి తేదీ సంగతి చెప్పాలంటే సిగ్గే. 2018లో, ఈ లింకు రాకముందు, 14వ తేదీ సాయంత్రం దిగి ఆ రాత్రి 00:20కి ఎక్కుదామని 14కే టికెట్ తీశాను. ఆ బండి నేను దిగడానికి ముందు రాత్రే వెళ్లిపోయింది. నా బెర్తులో ఎవరు పడుకున్నారో ఏమో!

ముందస్తు బుకింగ్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల బదులు 60 రోజులైంది. రెండో బండి మర్నాటిదైతే దాని టికెట్ ఒకరోజు తర్వాతే తెరుచుకుంటుంది. కాబట్టి వరసగా రెండు పొద్దుటలు ఎనిమిదింటికి కూర్చోవాలి.

ఈ లింకు సదుపాయానికి అయిదుకి మూడున్నర మార్కులు ఇస్తాను. చార్జీ ఏమీ లేని సదుపాయం, చేసుకోకపోవడానికి కారణం లేదు. ఈ సంక్రాంతికీ రెండు వైపులా లింకు చేశాను. వెళ్లేటప్పుడు యాభై అయిదు నిమిషాలు, వచ్చేటప్పుడు నాలుగు గంటల పది నిమిషాలు. "బండి రాత్రికి కదరా, మధ్యాహ్నం భోంచేయకుండా ఎక్కడికి?" అని అమ్మ ఇప్పటికే ఫోన్లో మొదలుపెట్టింది.