స్టో భవనం: మన కాలువకు పేరిచ్చిన ప్రభువుల దివాణం, నూరేళ్లుగా బడి

మా నాన్నగారి ఊరు కావలికి తూర్పున, బకింగ్‌హామ్ కాలువ గట్టుకు దగ్గరలో ఉంది. సరుగుడు కట్టెలూ ఉప్పు బస్తాలూ నింపుకొని మద్రాసు వైపు సాగిపోయే పడవలను ఆయన చిన్నతనంలో చూశారు; గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగే మనుషులను ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు చెబుతారు. ఆ కాలువకు లండన్‌లోని రాణిగారి ప్యాలెస్‌ను బట్టి పేరు వచ్చిందని ఆయన ఇన్నేళ్లుగా నమ్ముతూ వచ్చారు. మనలో చాలామందిమి అలాగే అనుకుంటాము. నిజానికి ఆ ప్యాలెస్ పేరు షెఫీల్డ్ వంశానికి చెందిన వేరొక బకింగ్‌హామ్ డ్యూక్‌ది, మన కాలువ పేరు గ్రెన్‌విల్ వంశానికి చెందిన మరొక డ్యూక్‌ది. కిందటి వేసవిలో నాన్నగారు మిల్టన్ కీన్స్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు, ఆ రెండో వంశం వారి దివాణం ఇక్కడికి సుమారు పదిహేను మైళ్ల దూరంలోనే ఉందనీ, అది నూరేళ్లుగా బడిగా నడుస్తోందనీ చెప్పి వెంటబెట్టుకొని వెళ్లాను. ఆ స్టో భవనాన్ని గురించి, చూడదలచిన తెలుగువారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేయాలి. ఇక్కడ ముగ్గురు యజమానుల వ్యవహారం ఉంది. చుట్టూ ఉన్న తోట, పాత కట్టడాలనూ తోటలనూ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ చేతిలో ఉంది. భవనం బాగోగులు స్టో హౌస్ ప్రిజర్వేషన్ ట్రస్ట్ అనే సంస్థ చూస్తుంది. భవనంలో కాపురం ఉండేది మాత్రం స్టో స్కూల్. అందువల్ల తోట టికెట్టు వేరు, భవనం టికెట్టు వేరు. భవనాన్ని చూపే వేళలు బడి తేదీలను బట్టి మారుతుంటాయి కాబట్టి ముందుగా విచారించుకోకుండా బయలుదేరడం మంచిది కాదు. మేము బడికి సెలవులున్న రోజున వెళ్లాము.

బకింగ్‌హామ్ పట్టణం నుంచి వచ్చేవారికి ఒకటిన్నర మైలు పొడవున తిన్నగా సాగే చెట్ల బాట మొదట ఎదురవుతుంది, దాని చివర 1765లో కట్టిన కొరింథియన్ తోరణం కనిపిస్తుంది. ఆ తోరణం చట్రంలో దూరాన భవనపు దక్షిణ ముఖం, సుమారు 450 అడుగుల పొడవున, లేత పసుపు రాతి రంగులో పరుచుకొని ఉంటుంది. ఆ ముఖానికి రాబర్ట్ ఆడమ్ నమూనా గీయగా, కుటుంబానికి బంధువైన థామస్ పిట్ దానిలో మార్పులు చేసి 1770లలో కట్టించాడు. లోపలి భాగం అంతకంటే పాతది. 1589లో ఈ ఎస్టేటును కొన్న టెంపుల్ కుటుంబంలో మూడవ బారొనెట్ (వంశపారంపర్య బిరుదు) అయిన సర్ రిచర్డ్ 1670లలో ఇటుకతో ఒక మామూలు ఇల్లు కట్టుకున్నాడు. తరువాతి తరాల వారు దానిని పడగొట్టకుండా, దాని చుట్టూ, ముందూ వెనుకా చేరుస్తూ పోయారు. మన పల్లెల్లో పాత మట్టిమిద్దె చుట్టూ కొత్త గదులు వేసుకుంటూ పోయినట్టే ఇది కూడా పెరిగింది.

లోపల తప్పక చూడవలసింది మార్బుల్ సెలూన్. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న ఆ మందిరాన్ని రోములోని పాంథియన్ అనే పురాతన ఆలయాన్ని మనసులో పెట్టుకొని 1788 నాటికి పూర్తిచేశారు. చుట్టూ 16 స్తంభాలు నిలిచి ఉంటాయి. అవి ఎర్రని పాలరాయిలా కనిపిస్తాయి కానీ నిజానికి రంగు కలిపిన గచ్చును మెరుగుపెట్టి చేసినవి. స్తంభాల పైన గుమ్మటం మొదలయ్యే చోట రోమన్ విజయోత్సవపు ఊరేగింపు వందలాది బొమ్మలతో గోడ చుట్టూ సాగిపోతుంది. ఒక్క కిటికీ కూడా లేదు. గుమ్మటం నడిమధ్యనున్న గుండ్రని గవాక్షం నుంచి దిగే వెలుతురే ఆ మందిరానికి దీపం. మబ్బు కదిలినప్పుడల్లా బొమ్మల నీడలు కదిలాయి. నాన్నగారు చాలాసేపు తల ఎత్తి నిలబడి, ఇది మన గుళ్లలోని రంగమండపం లాగా ఉందని అన్నారు. ఈ పోలిక నాకు తోచలేదు కానీ, విన్న తరువాత మరొకటి తోచడం లేదు.

ఇంత కట్టిన వంశం ఏమైందన్నదే ఈ ఇంటి అసలు కథ. టెంపుల్ ఆడపడుచు పెళ్లి ద్వారా ఈ ఆస్తి గ్రెన్‌విల్ కుటుంబానికి చేరింది. ఇంగ్లండు రాజకీయాల్లో ఆ కుటుంబం వెలిగిన వెలుగు చిన్నది కాదు. అమెరికా వలసల మీద స్టాంపు పన్ను వేసిన జార్జ్ గ్రెన్‌విల్ ఈ ఇంటివాడు, 1807లో బానిస వ్యాపారాన్ని రద్దుచేసే చట్టం వచ్చినప్పుడు ప్రధానిగా ఉన్న విలియం గ్రెన్‌విల్ ఆయన కొడుకు. అదే కుటుంబానికి పెళ్లి సంబంధం ద్వారా జమైకాలో బానిసలు పనిచేసే హోప్ ఎస్టేటు కూడా సంక్రమించింది. ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టుకొని చూడకపోతే ఆ మందిరపు వైభవాన్ని సగమే చూసినట్టు. 1822లో ఈ కుటుంబానికి బకింగ్‌హామ్ డ్యూక్ బిరుదు వచ్చింది. రెండవ డ్యూక్ 1845లో విక్టోరియా రాణికి ఇక్కడ ఆతిథ్యం ఇచ్చాడు, రెండేళ్లకే పది లక్షల పౌండ్లకు మించిన అప్పులతో దివాలా తీశాడు. 1848లో ఇంట్లోని సామాను అంతటినీ క్రిస్టీస్ అనే వేలం సంస్థ వారు వేలం వేశారు. ఆ వేలం 40 రోజులు సాగి సుమారు 75,000 పౌండ్లు తెచ్చింది. షేక్‌స్పియర్‌దిగా ప్రసిద్ధమైన చాండోస్ చిత్రపటం ఆ వేలంలోనే చేతులు మారి, చివరికి లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి మొట్టమొదటి చిత్రంగా చేరింది. గోడల మీది పటాలు, గిన్నెలు, సీసాలు, పరుపులు సైతం ఊరివాళ్ల ముందు పాటకు పెట్టిన ఇల్లు ఇది.

అప్పుల కుప్పను నెత్తిన పెట్టుకున్నది ఆయన కొడుకు, మూడవ డ్యూక్. రైల్వే కంపెనీ ఛైర్మన్‌గా, తరువాత మంత్రిగా పనిచేసి, ఆస్తిని ఒక దారికి తెచ్చుకుంటూ వచ్చిన ఈయన 1875 చివరిలో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. మరుసటి ఏడు, ధాత నామ సంవత్సరంలో, వానలు మొండికేశాయి. మన పెద్దలు ధాత కరువు అని పిలిచింది దీనినే. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలాది మంది చనిపోయారు. వైస్రాయి లిట్టన్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ (స్టో ఇల్లు కట్టిన సర్ రిచర్డ్ వేరు) కరువు పనుల్లోని మగవాడి కూలిని రోజుకు ఒక పౌను (సుమారు 450 గ్రాములు) ధాన్యం విలువకూ ఒక అణాకూ కుదించాడు, ఆ కూలితో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ నిరసన తెలిపాడు. మద్రాసు ప్రభుత్వం సొంతంగా ధాన్యం కొన్నందుకు పైవారు మందలించారు. చివరికి డ్యూక్ ఇంగ్లండు ప్రజలకు చందాల కోసం విజ్ఞప్తి చేశాడు. ఆయన దయాళువా, సమర్థుడా అన్న వాదం చరిత్రకారులది. పైవారితో పేచీపడి కూడా ఆయన ప్రభుత్వం ఆ కూలిని నెలల తరబడి అమలుచేసిందన్నది నాకు మరచిపోవడానికి వీలుకాని విషయం.

కాలువ అంతకు చాలా ముందే మొదలైంది. 1806 ప్రాంతంలో బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసుకు ఉత్తరాన తవ్వించిన కాలువకు అదే గుర్తుగా చాలాకాలం కాక్రేన్ కాలువ అనే పేరుండేది. కరువు పనుల్లో భాగంగా మద్రాసు నగరంలో కూవం, అడయారు నదుల మధ్యనున్న ఎడాన్ని తవ్వి, ఉత్తర భాగాన్నీ దక్షిణ భాగాన్నీ కలిపారు. 1878లో మొత్తానికి బకింగ్‌హామ్ పేరు పెట్టారు. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలిసి కృష్ణా డెల్టాకూ, అక్కడి నుంచి గోదావరి లాకుల మీదుగా కాకినాడకూ పడవలకు దారి ఏర్పడింది. పిడికెడు గింజల కూలికి ఆకలితో తట్టలు మోసినవాళ్ల పేరు ఏ లాకు మీదా లేదు. మార్బుల్ సెలూన్‌లో నిలబడి ఈ సంగతి చెప్పినప్పుడు నాన్నగారు, తమ తాతగారి చిన్నతనంలో ఊరివాళ్లు కాలువ పనికి వెళ్లిన మాట విన్నానని అన్నారు. స్టోకు వెళ్లే తెలుగువారు ఈ అధ్యాయాన్ని ఇంటి దగ్గరే చదువుకొని వెళితే, అక్కడ చూసే ప్రతి గదీ వేరుగా కనిపిస్తుంది.

మూడవ డ్యూక్ 1889లో మగసంతానం లేకుండా చనిపోవడంతో డ్యూక్ బిరుదు అంతరించింది. 1921, 1922లలో ఎస్టేటునూ మిగిలిన విగ్రహాలనూ మళ్లీ అమ్మేశారు. దక్షిణపు మెట్ల మీది సీసపు సింహాలు బ్లాక్‌పూల్‌లోని ఒక పార్కుకు వెళ్లిపోయాయి; ఇప్పుడు మెట్ల మీద మనం చూసేవి 2013లో తిరిగి పెట్టిన నకళ్లు. భవనాన్ని కూల్చి రాళ్లు అమ్ముకునే రోజులవి. ఇంగ్లండులో అలా నేలమట్టమైన దివాణాలు వందల్లో ఉన్నాయి. క్లఫ్ విలియమ్స్-ఎలిస్ అనే ఆర్కిటెక్టు ముందున్న చెట్ల బాటలో ఇళ్లు లేవకుండా సొంత డబ్బుతో దానిని కొన్నాడు. చివరికి ఆ ఇంటిని కాపాడింది బడి. 1923 మే 11న 99 మంది అబ్బాయిలతో స్టో స్కూలు తెరుచుకుంది. ఇది ప్రభుత్వ నిధులు లేకుండా పిల్లల ఫీజుల మీద నడిచే వసతి పాఠశాల. ఆ ఫీజు అప్పుడూ ఇప్పుడూ సామాన్య కుటుంబానికి అందేది కాదు.

మొదటి హెడ్‌మాస్టర్ జె.ఎఫ్. రాక్స్‌బరో 1949 వరకు ఉన్నాడు. స్టోలో చదివి వెళ్లిన ప్రతి పిల్లవాడూ అందం ఎదురైనప్పుడు దానిని జీవితాంతం గుర్తుపట్టగలగాలన్నది ఆయన చెప్పుకున్న లక్ష్యం. ఇంటిపేరుతో పిలిచే ఆచారం గట్టిగా ఉన్న కాలంలో ఆయన పిల్లలను సొంత పేర్లతో పిలిచాడు. నటుడు డేవిడ్ నివెన్ తొలినాళ్ల విద్యార్థుల్లో ఒకడు. రిచర్డ్ బ్రాన్సన్ ఇక్కడే చదివాడు. 1974లో పైతరగతుల్లో అమ్మాయిలు చేరారు, 2005 నుంచి అన్ని తరగతులకూ ప్రవేశం లభించింది. తోటను 1989లో బడి వారే నేషనల్ ట్రస్ట్‌కు అప్పగించారు. ఇంటి మరమ్మతులు 1997లో ఏర్పడిన ట్రస్టు ద్వారా దశలవారీగా జరిగాయి.

బడి చేసినదంతా మేలే అని మాత్రం చెప్పలేను. 1920లలో రాబర్ట్ లోరిమర్ బడికి కొత్త ప్రార్థనాలయం కట్టేటప్పుడు, తోటలోని కాన్‌కర్డ్ అండ్ విక్టరీ మందిరం చుట్టూ ఉన్న స్తంభాల్లో 16 ఊడదీసి అందులో నిలబెట్టారు. ఒక గుడిని కట్టడానికి మరొక గుడిని విప్పిన ఈ పని నన్ను నిజంగా బాధించింది. 1990లలో నేషనల్ ట్రస్ట్ ఆ మందిరానికి కొత్త స్తంభాలు చెక్కించి పెట్టింది. అయినా బడి లేకపోతే కాపాడడానికి ఏ మందిరమూ మిగిలేది కాదన్నది కూడా అంతే నిజం. ప్రభువులు విందులు చేసుకున్న గదుల్లో నేడు పిల్లలు భోజనం చేస్తారు, గ్రంథాలయంలో పిల్లలే చదువుకుంటారు. తాళ్లు కట్టి దూరం నుంచి చూపే మ్యూజియం ఇళ్లలో నాకు కలగని ఆత్మీయత ఇక్కడ కలిగింది.

తోట గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాని మీద 1744లోనే బెంటన్ సీలీ అనే బకింగ్‌హామ్ వాసి గైడు పుస్తకం అచ్చువేశాడు, నాటి నుంచి నేటి వరకు రాసేవారికి కొదవ లేదు. చార్లెస్ బ్రిడ్జ్‌మన్, విలియం కెంట్ వేసిన రూపానికి, 1741 నుంచి పదేళ్లు ఇక్కడ తోటమాలిగా పనిచేసిన లాన్సెలాట్ బ్రౌన్ పచ్చిక లోయలు చేర్చాడు. ఒక్కటి వదలకూడదు: మహనీయుల మందిరం. అందులోని 16 శిరోవిగ్రహాల్లో న్యూటన్, మిల్టన్, షేక్‌స్పియర్ ఉన్నారు, స్త్రీ మాత్రం ఎలిజబెత్ రాణి ఒక్కరే. తోటను విశాలం చేయడానికి స్టో గ్రామం ఇళ్లను తొలగించగా మిగిలిన పాత చర్చి చెట్ల చాటున నిలిచి ఉంది. దానినీ వెతుక్కొని చూడండి.

పెద్దవారితో వెళ్లేవారికి ఒక మాట: నేషనల్ ట్రస్ట్ ప్రవేశం ఉన్న న్యూ ఇన్ నుంచి భవనం వరకు చాలా దూరం, ఎత్తుపల్లాలూ ఉన్నాయి. నాన్నగారు రెండుసార్లు బెంచీ మీద కూర్చున్నారు. తోటకూ భవనానికీ ఒకే రోజు సరిపోదు. మేము ఉదయం భవనం చూసి మధ్యాహ్నం సరస్సుల వైపు నడిచాము, తోటలోని గోథిక్ మందిరం దాకా చేరనేలేదు. దానిని ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ వారు రాత్రి బసకు అద్దెకిస్తారని తెలిసి, మళ్లీ వచ్చినప్పుడు అక్కడ ఉందామని నాన్నగారే అన్నారు. బయలుదేరే ముందు ఆయన దక్షిణపు మెట్ల మీద నిలబడి ఫోను తీసి, కావలిలోని మా బాబాయికి భవనం చూపిస్తూ, మన కాలువ పేరు ఈ ఇంటిదని చెప్పారు. అవతలి నుంచి బాబాయి, ఇంత ఇల్లు పెట్టుకొని మన దగ్గరికి ఎందుకు వచ్చాడు అని అడిగారు.