క్యాన్సర్‌కి మూలికల పొడి కొనబోతున్నారా? దయచేసి ముందు ఇది చదవండి

మా అమ్మకి రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయ్యింది, కీమో నడుస్తోంది. మధ్యలో నేను ఆర్డర్ పెట్టిన ఒక డబ్బా వల్ల ఆవిడ కీమో ఐదు వారాలు ఆగిపోయింది. ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదని రాస్తున్నాను.

కీమో రెండో సైకిల్ (విడత) తర్వాత అమ్మకి నోరంతా పుండ్లు పడ్డాయి. మంచినీళ్ళు మింగడానికి కూడా కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకునేది. సరిగ్గా అప్పుడే మా పిన్ని ఫోన్‌కి ఒక ప్రకటన పంపింది. బిళ్ళగన్నేరు పువ్వుల ఫోటో, దాని కింద "కీమో అవసరం లేకుండా క్యాన్సర్ మాయం" అని. నంబర్ ఉంటే చేశాను. అవతలి మనిషి చాలా ఓపిగ్గా మాట్లాడాడు. "మేడమ్, మీ అమ్మగారికి ఎక్కించే మందులు కూడా మొక్కల్లోంచి తీసినవే. వాళ్ళు కెమికల్ చేసి ఇస్తారు, మేం సహజంగా ఇస్తాం, అంతే తేడా" అన్నాడు. నేను పడిపోయింది ఆ మాటకే. ఎందుకంటే అందులో సగం నిజం.

బిళ్ళగన్నేరు నుంచి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందులు వచ్చిన మాట వాస్తవమే. ఎలా వచ్చాయో నేను తర్వాత చదివాను. ముందే చదివి ఉంటే ఆ డబ్బా కొనేదాన్ని కాదు. జమైకాలో ఈ ఆకుల కషాయాన్ని షుగర్‌కి తాగేవాళ్ళు. 1952లో అక్కడి నుంచి కెనడాలో ఒక డాక్టరుకి 25 ఆకులు కవర్లో వచ్చాయి. ఆయన తమ్ముడు రాబర్ట్ నోబుల్ పరిశోధకుడు. నోబుల్ బృందం ఆ మొక్క సారాన్ని ఎలుకలకి నోటి ద్వారా ఇస్తే షుగర్‌లో మార్పేమీ లేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే ఎలుకలు చచ్చిపోయాయి! తెల్ల రక్తకణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్లు వచ్చి. ఆ చావుల కారణం వెతుకుతూ పోతేనే 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ బయటపడింది.

విన్‌క్రిస్టిన్ ఒక గ్రాము తీయడానికి వందల కిలోల ఎండుటాకులు కావాలి. అది మనిషికి ఇచ్చేది మాత్రం ఒక్కసారికి మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటకుండా, అదీ రక్తనాళంలోకే. అంత కొలిచి ఇచ్చే మందుకీ, స్పూనుతో పాలలో కలుపుకుని తాగే పొడికీ పోలిక ఏమిటి? పొడిలో ఆ మందు ఎంత ఉందో అమ్మేవాడికీ తెలియదు.

డబ్బా మీద "21 దివ్య మూలికలు" అని పెద్ద అక్షరాలు. ఆ 21 ఏమిటో ఎక్కడా లేదు. తయారీ తేదీ లేదు, బ్యాచ్ నంబర్ లేదు. అది చూసి అనుమానం రావాల్సింది, నాకు రాలేదు. "డాక్టర్‌కి చెప్పకండి, వాళ్ళకి మూలికల గురించి తెలియదు" అన్నప్పుడైనా ఫోన్ పెట్టేయాల్సింది. మందు అమ్మేవాడు డాక్టర్ దగ్గర దాచమన్నాడంటే ఇంక వేరే రుజువు అక్కర్లేదు.

మూడో వారానికి అమ్మ కళ్ళు పచ్చబడ్డాయి. వాడికి ఫోన్ చేస్తే "విషం బయటికి పోతోంది, మంచి గుర్తు, రెండు స్పూన్లు చెయ్యండి" అన్నాడు. ఆ మాట విన్నాకే నాకు చెమటలు పట్టాయి. మర్నాడు రక్తపరీక్షలో లివర్ ఎంజైములు బాగా పెరిగి ఉన్నాయి. "ఇంకేమైనా వాడుతున్నారా?" అని డాక్టర్ అడిగారు. అమ్మ ఏమీ అనలేదు, నా వైపు చూసింది. ఆ చూపు మర్చిపోలేను.

లివర్ కుదుటపడేదాకా కీమో ఆపేశారు. పొడి వల్లే జరిగిందని డాక్టర్ నూటికి నూరు శాతం చెప్పలేదు, అందులో ఏముందో తెలిస్తే కదా చెప్పడానికి. పొడి మానేసిన నెలలో కామెర్లు తగ్గాయి. మనం మంచిదనుకునే తిప్పతీగ వాడిన కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయని అప్పుడే తెలిసింది.

"ఏమవుతుందిలే, కీమోతో పాటు ఇదీ వాడదాం" అనుకునేవాళ్ళు ఇంకొకటి వినండి. ఇరినోటెకాన్ అనే కీమో మందు కూడా ఒక చైనా చెట్టులోని పదార్థం నుంచి తయారైందే. డిప్రెషన్‌కి వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలికను దాంతో పాటు తీసుకుంటే, రక్తంలో ఆ మందు పనిచేసే రూపం 40 శాతానికి పైగా తగ్గిపోయిందని పరిశోధనలో తేలింది. పైకి ఏ ఇబ్బందీ కనిపించదు. లోపల మందు చాలదు.

ఇక కీమో పూర్తిగా మానేసి వీటినే నమ్ముకుంటే? యేల్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, నయం చేయదగ్గ దశలో ఉండి కూడా ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న 281 మందిని చూశారు. మామూలు చికిత్స తీసుకున్నవాళ్ళతో పోలిస్తే చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో అయితే ఐదు రెట్లకు పైనే.

డబ్బు తిరిగి రాలేదు, నా నంబర్ బ్లాక్ చేశాడు. పోనీయండి. అమ్మకి కీమో మళ్ళీ మొదలైంది. ఇప్పుడు ఎక్కిస్తున్నది పాక్లిటాక్సెల్, అదీ మొదట యూ అనే చెట్టు బెరడులో దొరికిందే. మొక్కల మీద నాకు కోపం లేదు.

మీ ఇంట్లో ఎవరైనా క్యాన్సర్‌కి ఇలాంటి పొడో, కషాయమో రహస్యంగా వాడుతుంటే తిట్టకండి. మెల్లగా అడగండి, ఆ డబ్బా తీసుకుని వచ్చే సైకిల్‌కి ముందే డాక్టర్ బల్ల మీద పెట్టండి.