ఇంట్లో బిగించుకున్న 3018 సి.ఎన్.సి. రూటర్: ఏ పనికి సరిపోతుంది, ఏ పనికి చాలదు

కంప్యూటర్‌లో గీసిన గీత వెంబడి చెక్కనూ, అక్రిలిక్‌నూ, రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డులనూ చెక్కే సి.ఎన్.సి. (కంప్యూటర్ ఆదేశాలతో నడిచే) యంత్రాన్ని తక్కువ ఖర్చుతో ఇంట్లో నిలబెట్టుకోవాలని కోరుకునేవారు ముందుగా చూసేది 3018 కిట్‌నే. ఇది ఏ ఒక్క కంపెనీకీ చెందిన యంత్రం కాదు. ఒకే నమూనాను ఎందరో తయారీదారులు రకరకాల పేర్లతో అమ్ముతున్నారు. ఆ అంకెలు పని జరిగే మేర కొలతలను చెబుతాయి: 30 సెంటీమీటర్లు ఒకవైపు, 18 సెంటీమీటర్లు మరొకవైపు. పైకీ కిందికీ కదలిక సుమారు 45 మిల్లీమీటర్లే. హైదరాబాద్‌లోని మా ఫ్లాట్‌లో దీన్ని బిగించి, చాలాకాలంగా వాడుతున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

బిగింపు కష్టమైన పని కాదు కాని, ఓపికతో చేయవలసిన పని. అల్యూమినియం ఎక్స్‌ట్రూజన్ల (అచ్చులోంచి తీసిన పొడవాటి పట్టీల) చట్రం, 10 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీలు, వాటిమీద జారే బేరింగులు, లీడ్ స్క్రూలు (తిరుగుతూ భాగాలను జరిపే పొడవాటి మరలు), స్టెప్పర్ మోటార్లు (అడుగడుగుగా తిరిగే మోటార్లు) అన్నీ విడివిడిగా వస్తాయి. చట్రం మూలలను బోల్టులు పూర్తిగా బిగించకముందే మూలమట్టం పెట్టి సరిచూసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ మిగిలిన వంకరను తరువాత ఏ సాఫ్ట్‌వేరూ సరిదిద్దలేదు.

నియంత్రణ విషయంలో ఈ కిట్‌ను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. నియంత్రణ బోర్డులో నడిచేది జి.ఆర్.బి.ఎల్. అనే ఉచిత ప్రోగ్రాం. 2009లో సిమెన్ స్వాలే స్కోగ్స్‌రుడ్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాం, ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డులో ఉండే చిప్ మీదే మూడు అక్షాలనూ (మూడు దిశల కదలికలనూ) సమన్వయంతో నడిపిస్తుంది. దీని లెక్క కూడా తేటగా ఉంటుంది. మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది, డ్రైవరు (మోటారుకు విద్యుత్తు అందించే చిప్) ప్రతి అడుగునూ 16 చిన్న అడుగులుగా చేస్తుంది, స్క్రూ ఒక చుట్టుకు 4 మిల్లీమీటర్లు జరుపుతుంది అనుకుంటే, ఒక్కో మిల్లీమీటరుకు 800 చిన్న అడుగులు అమర్చాలి. ఈ లెక్క అర్థమైన విద్యార్థికి కర్మాగారాల్లోని పెద్ద యంత్రాలు కూడా కొత్తగా అనిపించవు.

అసలు పరీక్ష తెలుగు అక్షరాలు చెక్కేటప్పుడు ఎదురవుతుంది. స్క్రూకూ ఇత్తడి నట్టుకూ మధ్య వెంట్రుకవాసి వదులు ఉన్నా, అక్షం దిశ మార్చుకున్న ప్రతిసారీ ఆ వదులు తీరేవరకూ బిట్ (కోసే మొన) కదలదు. నిలువు, అడ్డ గీతలతో కట్టిన లిపిలో ఈ లోపం అంతగా కనిపించదు. మన అక్షరాలు గుండ్రనివి. ప్రతి సున్న చుట్టులో నాలుగు చోట్ల ఏదో ఒక అక్షం వెనక్కు తిరుగుతుంది, ఆ నాలుగు చోట్లా వంపు చదునై కంటికి గుచ్చుకుంటుంది. ఒత్తులు మరీ చిన్నవి కనుక వాటిలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఈ వదులు లేకుండా రెండు నట్లను స్ప్రింగుతో ఎడంగా నెట్టే ఏర్పాటు అన్ని అక్షాలకూ ఉందో లేదో చూసి కిట్ కొనాలి. స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు) స్థానంలో పెన్ను కట్టి 50 మిల్లీమీటర్ల వృత్తం గీయించి, వెర్నియర్ (సూక్ష్మ కొలతల సాధనం)తో రెండు దిక్కులా కొలిస్తే యంత్రం స్థితి తెలిసిపోతుంది. అక్షరాలను ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాంలో రాసి, పాత్‌గా (గీతల రూపంలోకి) మార్చి పంపితే ఒత్తులు చెదరకుండా వస్తాయి. ఈ శ్రద్ధ తీసుకుంటే టేకు పలక మీద ఇంటి పేరు ఎంతో అందంగా వస్తుంది. ఆ ఒక్క పనికోసమే అయినా ఈ యంత్రం పెట్టిన డబ్బుకు తగినదని నా అభిప్రాయం.

బలం విషయంలో మాత్రం ఆశలు అదుపులో పెట్టుకోవాలి. కడ్డీలకు రెండు చివరలే ఆధారం కావడంతో లోతుగా కోయబోతే నడుమ వంగుతాయి. ఎం.డి.ఎఫ్.ను (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలకను) పలుచని పొరలుగా కోయవచ్చు. టేకుకు అంతకన్నా నెమ్మది కావాలి. అక్రిలిక్‌ను ఒకే అంచు ఉన్న బిట్‌తో, పొట్టు వెంటవెంటనే తొలగిస్తూ కోయకపోతే కరిగి బిట్‌కు అంటుకుంటుంది. అల్యూమినియం మీద పేర్లు గీయడం వరకే సాధ్యం. ఎక్కువ ధర పెట్టి పెద్ద స్పిండిల్ కొనడంకన్నా చట్రాన్ని దృఢపరచడమే మేలు, ఎందుకంటే లోపం మోటారు శక్తిలో కాదు, దాన్ని మోసే కడ్డీలలో ఉంది.

ఆ పనికి మన నగరం చక్కగా సహకరిస్తుంది. బోల్టులు, బేరింగులు రాణిగంజ్‌లో దొరుకుతాయి. మందమైన అల్యూమినియం పలకకు కొలత ప్రకారం రంధ్రాలు వేయించాలంటే బాలానగర్‌లోని చిన్న మిషన్ షాపులున్నాయి. స్పిండిల్‌గా వచ్చే, బ్రష్షులున్న 775 రకం మోటారు విద్యుత్ రొద వల్ల పని మధ్యలో యు.ఎస్.బి. సంబంధం తెగిపోవచ్చు, కోఠి గుజరాతీ గల్లీలో చవకగా దొరికే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్‌ను మోటారు కొసల మధ్య టంకం పెట్టి, పొట్టి కేబుల్ వాడితే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

అపార్ట్‌మెంట్లలో ఉండేవారు చప్పుడు గురించీ, ధూళి గురించీ ముందే ఆలోచించాలి. ఎం.డి.ఎఫ్. ధూళి ఊపిరితిత్తులకు హానికరం కాబట్టి మాస్కు, వ్యాక్యూమ్ క్లీనర్ తప్పనిసరి. బల్లలు, అల్మారాల పలకలు కోయాలనుకునేవారు దీన్ని కొనకూడదు. అటువంటి పనికి రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన నమూనా తయారీ కేంద్రం టి-వర్క్స్‌ను సంప్రదించడం మంచిది. కొనేవారు 3.175 మిల్లీమీటర్ల కాడ ఉన్న బిట్లనే తీసుకోవాలి. వడ్రంగులు వాడే 6 మిల్లీమీటర్ల బిట్లను వేరే కొలెట్ (బిట్ కాడను పట్టుకునే బిగింపు)తో ఇందులో బిగించవచ్చుగాని, వాటిని మోసి కోయగల సత్తువ ఈ మోటారుకు లేదు.