కాలిఫోర్నియాలో అన్‌ఎంప్లాయ్‌మెంట్ క్లెయిమ్ "మేం వేసిపెడతాం" అనేవాళ్లతో జాగ్రత్త

లేఆఫ్ అయిన మనవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ఉద్యోగం పోయినవాళ్లకి భృతి ఇచ్చే రాష్ట్ర ప్రభుత్వ శాఖ ఈడీడీలో క్లెయిమ్ వేయడానికి ఒక్క డాలరు కూడా అక్కర్లేదు. అయినా గూగుల్‌లో వెతగ్గానే "క్లెయిమ్ ఫైల్ చేసి తొందరగా పాస్ చేయిస్తాం" అనే సర్వీసులు యాడ్ల రూపంలో పైనే కనిపిస్తాయి. అలాంటి ఒకరి చేతిలో పడి మా ఆవిడకి రావాల్సిన డబ్బు నెలల తరబడి ఆగింది. ఆ సైటు పేరు రాయను. రేపు ఇంకో పేరుతో వస్తారు కాబట్టి వాళ్ల పద్ధతి తెలుసుకోవడమే ముఖ్యం.

తను హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ల జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతి కార్డు) మీద ఒక కన్సల్టెన్సీ తరఫున శాంటా క్లారాలో క్లయింట్ దగ్గర క్యూఏ (సాఫ్ట్‌వేర్ టెస్టింగ్) పని చేసేది. ప్రాజెక్టు ఎత్తేశారు, కన్సల్టెన్సీ చేతులెత్తేసింది. ఆ సైటు చూస్తే అచ్చం గవర్నమెంటు సైటే: నీలం రంగు, పైన బంగారు ముద్ర, పక్కన రాష్ట్రం మ్యాపు. "మాది ప్రభుత్వ సంస్థ కాదు" అన్న ముక్క మాత్రం అట్టడుగున, బూడిదరంగు చిన్నక్షరాల్లో. అసలుది ఈడీడీ డాట్ సీఏ డాట్ గవ్. చివర "గవ్" లేకపోతే ఆ పేజీ మూసేయండి.

కార్డు మీద 149 డాలర్లు తీసుకున్నారు. ఫోన్‌లో మాట్లాడినాయన మహా మర్యాదస్తుడు, మాటకు ముందు మేడమ్, మాటకు వెనక మేడమ్. సోషల్ నంబరు, డ్రైవింగ్ లైసెన్సు ఫొటో అయ్యాక ఈడీడీ అకౌంట్ లాగిన్ అడిగాడు, ఆపైన ఫోన్‌కి వచ్చిన ఓటీపీ. దొంగకి తాళంచెవి ఇచ్చి కాపలా ఉండమన్నట్టే ఇది. క్లెయిమ్ అంటే ఆ అకౌంటే. అందులో ఫోన్ నంబరు, ఈమెయిలు, డబ్బు పడే బ్యాంకు ఖాతా, అన్నీ మార్చుకోవచ్చు. మా విషయంలో మొదటి రెండూ వాళ్లవి పెట్టుకున్నారు. బ్యాంకు వివరాల దాకా పోలేదు, అంతవరకు నయం.

అసలు దెబ్బ ఎక్కడ తగిలిందంటే, చివరి యజమాని ఎవరన్న చోట. మన ఐటీ వాళ్లందరికీ పనికొచ్చే విషయం ఇది. ఆ పెట్టెలో క్లయింట్ కంపెనీ పేరు రాసిపడేశారు. రోజూ వెళ్లే ఆఫీసు ఎవరిదైనా సరే, జీతం ఇచ్చి డబ్ల్యూ2 (ఏడాది జీతం, పన్నుల లెక్క చూపే ఫారం) ఇచ్చేవాడే మీ యజమాని. క్లెయిమ్ పడగానే ఈడీడీ చివరి యజమానికి నోటీసు పంపుతుంది. ఆ నోటీసు క్లయింట్‌కి వెళ్లింది, "ఈవిడ మా ఉద్యోగి కాదు" అని వాళ్లు జవాబిచ్చారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. సంగతి తేల్చడానికి ఈడీడీ ఫోన్ ఇంటర్వ్యూ పెడితే ఆ కాల్ కాస్తా సర్వీసు వాళ్ల నంబరుకి వెళ్లింది. ఎవరూ ఎత్తలేదు. అనర్హురాలంటూ తీర్పు కాగితం మాత్రం పోస్టులో ఇంటికే వచ్చింది.

ఈలోపు ఇంకో బేరం నడిచింది. మొదటి వారం డబ్బు "హోల్డ్‌లో ఉంది, రిలీజ్ చేయించాలంటే ఇంకో 75 డాలర్లు జెల్ (బ్యాంకు నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) చేయండి" అన్నారు. కాలిఫోర్నియాలో మొదటి వారం వెయిటింగ్ పీరియడ్, దానికి ఎవరికీ డబ్బు రాదు. లేని వారాన్ని అమ్మారన్నమాట! కార్డు మీద కట్టింది బ్యాంకుతో తగవు పెట్టుకుని వెనక్కి తెచ్చుకున్నాం. జెల్ చేసింది పోయినట్టే.

తీర్పు కాగితం మీద తేదీ నుంచి 30 రోజుల్లో అప్పీలు చేయాలి. డీఈ 1000ఎం ఫారం నింపి డబ్ల్యూ2, ఆఖరి పేస్టబ్ (జీతం చీటీ), తీసేశామని కన్సల్టెన్సీ పంపిన మెయిలు జత చేశాం. అప్పీళ్ల బోర్డు జడ్జి విచారణ ఫోన్‌లోనే జరిగింది. దానికీ ఫీజు లేదు, కావాలంటే దుభాషిని వాళ్లే ఉచితంగా ఇస్తారు. మా ఆవిడ పేస్టబ్ మీద ఉన్న కంపెనీ పేరు చదివి వినిపించాక మిగతాదంతా చకచకా అయిపోయింది. తీర్పు తన పక్షానే వచ్చింది.

హెచ్1బీ వాళ్లకి ఒక మాట. "వర్క్ ఆథరైజేషన్ దగ్గర అవునని టిక్ పెట్టేస్తాం, ఎవరూ చూడరు" అని ఈ సర్వీసుల వాళ్లే ఎగదోస్తారు. కొత్త యజమాని పిటిషన్ వేసేదాకా మీకు ఇంకోచోట పని చేసే అనుమతి ఉండదు, బెనిఫిట్‌కేమో వెంటనే పనిలో చేరగలిగి ఉండాలన్నది షరతు. అబద్ధం చెప్పి తీసుకున్నట్టు తేలితే తీసుకున్నదంతా కక్కించి, పైన 30 శాతం జరిమానా వేస్తారు. తర్వాత చిక్కుల్లో పడేది మీరే, వాళ్లు కాదు. గ్రీన్ కార్డు, ఈఏడీ ఉన్నవాళ్లు మాత్రం మొహమాటపడక్కర్లేదు. ఇది మన పనికి యజమానులు కట్టిన పన్నులోంచి వచ్చే ఇన్సూరెన్సు. పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద బతుకుతున్నారా అని ఇమ్మిగ్రేషన్ వాళ్లు చూసే లెక్క) కిందకి రాదు. వారానికి 40 నుంచి గరిష్ఠంగా 450 డాలర్లు, మామూలుగా 26 వారాల దాకా. బే ఏరియా అద్దెలకి అది ఏ మూలకన్నది వేరే సంగతి.

ఈడీడీ ఫోన్ లైను దొరకడం కష్టమే, ఈ సర్వీసులు బతికేదే ఆ కష్టం మీద. కానీ లోపలికి దొడ్డిదారి వాళ్లకీ లేదు, మీరు చూసే స్క్రీనే వాళ్లూ చూస్తారు. నిజంగా ఇరుక్కుంటే మీ ప్రాంతపు రాష్ట్ర అసెంబ్లీ మెంబరు డిస్ట్రిక్ట్ ఆఫీసుకి ఫోన్ చేయండి. ఈడీడీతో చిక్కులు కనుక్కునే సిబ్బంది అక్కడ ఉంటారు, పైసా అడగరు, ఓటు హక్కు ఉందా అని కూడా అడగరు. మాకు కదలిక వచ్చింది అక్కడినుంచే. అమెరికాస్ జాబ్ సెంటర్లు అనే ప్రభుత్వ ఉద్యోగ సహాయ కేంద్రాల్లోనూ ఊరికే సాయం చేస్తారు.

ఇప్పటికే లాగిన్ ఇచ్చేసినవాళ్లుంటే ఈ రాత్రే పాస్‌వర్డ్ మార్చి, అకౌంట్‌లో ఫోను, ఈమెయిలు, అడ్రసు, బ్యాంకు ఖాతా మీవేనా అని ఒక్కొక్కటే చూసుకోండి. ఈడీడీకి ఫ్రాడ్ రిపోర్టు పెట్టండి, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ సంస్థల్లోనూ క్రెడిట్ ఫ్రీజ్ (మీ పేరున ఎవరూ అప్పు తీసుకోకుండా తాళం) చేయండి, అది ఉచితమే. అప్పీలు నడుస్తున్నా సరే, రెండు వారాలకోసారి సర్టిఫై చేయడం (ఇంకా పని దొరకలేదు, వెతుకుతున్నా అని ఈడీడీకి చెప్పడం) మానొద్దు. సర్టిఫై చేయని వారాలకి గెలిచాక కూడా డబ్బు రాదు.